నలుపు-ఎఱుపు కుండలు: రెండవ కాల్పు సమస్య

బాన్సువాడ వంటి తెలంగాణపు అంగళ్లలో ఎఱ్ఱకుండలును నల్లకుండలును ప్రక్కప్రక్కన కనిపించుచుండును. రెండింటికిని మన్ను ఒక్కటియే కావచ్చును; భేదము ఆవములోనిది. గాలి ధారాళముగా సోకినచో మంటిలోని ఇనుము ఎఱ్ఱబాఱును. గాలిని బంధించి పొగపట్టించినచో మసి కుండరంధ్రములలో నిలిచి నలుపు కలుగును. ఈ సామాన్యవిషయమే మన ప్రాచీనచరిత్రలో నొక చిక్కుప్రశ్నకు మూలమైనది.

జనులు రాకాసిగుళ్లని పిలుచు బృహచ్ఛిలాసమాధులలో ఒక విశిష్టమైన పాత్రజాతి లభించుచున్నది. దాని లోపలిభాగమును మూతిచుట్టును నలుపు, వెలుపలిభాగము ఎఱుపు. 1947లో మార్టిమర్ వీలర్ త్రవ్వించిన కర్ణాటకములోని బ్రహ్మగిరియందును, 1954–60 నడుమ త్రవ్విన నాగార్జునకొండయందును ఇట్టివి బయల్పడినవి.

ఒకే పాత్రకు రెండు రంగులెట్లు వచ్చినవి? కుండను బోర్లించి ఒక్కమాఱే కాల్చిరనియు, గాలి సోకని లోభాగము నల్లబడెననియు ఒక వాదము. మొదట ఎఱ్ఱగా కాల్చి, పిమ్మట ఊకవంటి పదార్థముపై బోర్లించి మరల కాల్చిరని రెండవ వాదము.

ఈ సందర్భమున చీనాదేశపు పింగాణి స్మరింపదగినది. మింగు వంశీయుడగు షువాన్‌దె చక్రవర్తి కాలమున (1426–1435) అచ్చటి రాగి కలిపిన గాజుపూత ఎఱ్ఱనివన్నెకు ప్రసిద్ధికెక్కెను. గాలి తక్కువైన కొలిమిలో రాగి ఎఱుపునిచ్చును; గాలి తగిలినచో పచ్చనగును. అట్టి ఎఱ్ఱపాత్రను గాలి సోకునట్లు మరల కాల్చినచో దాని వన్నె చెడును. మన కుండలకు గాజుపూత లేదు, లోహమును వేఱు, అయినను సూత్రమొక్కటియే. నల్లని పెంకునైనను బహిరంగముగా మంటలో చాలసేపు కాల్చినచో మసి దగ్ధమై ఎఱుపు తిరిగివచ్చును.

కావున రంగు తుదినిప్పునకు సాక్షియేగాని అంతకుముందు జరిగిన కాల్పులన్నిటికిని సాక్షి కాదు. రంగునుబట్టియే జాతిని, కాలమును నిర్ణయించుట ప్రమాదకరము. రాజస్థానములో తామ్రశిలాయుగమునకు చెందిన అహారునందును, దక్షిణమున ఇనుపయుగపు సమాధులందును నలుపు-ఎఱుపు కుండలు కలవు. అంతమాత్రమున ఆ రెండు ప్రదేశములవారిని ఏకజాతీయులనుట పొసగదు.

పెంకు చెప్పలేని విషయమును కుమ్మరి చెప్పగలడు. ఆవము పేర్చు తీరు, వంటచెఱకు, పొగ మూయు వేళ, వీనికి గల తెలుగు పదములు గ్రామగ్రామమున సేకరింపదగినవి. ఆవములు నానాటికి తగ్గిపోవుచున్నందున పరిశోధకవిద్యార్థులు ఈ కార్యమునకు జాగుసేయరాదు.