తిప్పతీగ గుర్తింపు: కాండం, పూరేకులు, కాయల సాక్ష్యం

ఉపోద్ఘాతం

తెలుగు పల్లెల్లో కంచెల మీద, వేపచెట్ల మీద అల్లుకుని పెరిగే తిప్పతీగను ఆయుర్వేదం గుడూచి, అమృత అనే పేర్లతో ఎరుగును. 2020లో కరోనా వ్యాపించాక రోగనిరోధక శక్తి కోసమని పట్టణాల్లోనూ దీని కాండంతో కషాయం కాచుకోవడం పెరిగింది. 2021లో ముంబయి కాలేయ వైద్యులు, ఈ మూలిక వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న తీరును ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. రోగులు వాడిన మొక్క ఏదో ముందుగా నిర్ధారించవలసిందని కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. ఆ వైద్య వివాదంలో వృక్షశాస్త్రం జవాబు చెప్పవలసిన ప్రశ్న ఒకటుంది: బాహ్య లక్షణాలతో తిప్పతీగను ఎంత కచ్చితంగా గుర్తించగలం? మనం ఎక్కువగా ఆధారపడే ఆకు ఇందులో అన్నిటికన్నా బలహీనమైన సాక్ష్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

వర్గీకరణ

ఈ తీగ శాస్త్రీయ నామం టైనోస్పోరా కార్డిఫోలియా, కుటుంబం మెనిస్పర్మేసీ. 1806లో విల్డెనో దీన్ని మెనిస్పర్మం ప్రజాతిలో వర్ణించగా, 1851లో జాన్ మియర్స్ టైనోస్పోరా ప్రజాతిలోకి మార్చాడు. ఇదే ప్రజాతికి చెందిన టైనోస్పోరా క్రిస్పా, టైనోస్పోరా సైనెన్సిస్ దీనితో పొరబడే అవకాశమున్న దగ్గరి బంధువులు.

ఆకు

తిప్పతీగ ఆకు హృదయాకారంలో, నున్నగా ఉంటుంది. ఈనెలు ఆకు మొదలు నుంచే విడివడి వ్యాపిస్తాయి. తొడిమ పొడవుగా ఉండి రెండు కొసలా కాస్త ఉబ్బి ఉంటుంది. తమలపాకు తీగకూ, అడవిదుంపల తీగలకూ, పాఠ తీగకూ ఇలాంటి ఆకారమే ఉన్నా, వాటిని వేరు చేయడం కష్టం కాదు. అడవిదుంపల ఆకుల్లో ప్రధాన ఈనెలు వంపు తిరిగి కొన వైపు సాగుతాయి. పాఠ ఆకులో తొడిమ సాధారణంగా అంచున కాక, కొంచెం లోపలగా అతుక్కుని ఉంటుంది. సైనెన్సిస్ లేత ఆకుల అడుగున నూగు ఉంటుంది. చిక్కంతా క్రిస్పాతోనే. దాని ఆకు కూడా హృదయాకారమే, నునుపే. అందువల్ల ఆకు ఒక్కటే చూసి ఈ రెండింటినీ వేరు చేయబూనడం ప్రమాదకరం.

కాండం

ఏడాది పొడవునా అందుబాటులో ఉండే నమ్మదగిన లక్షణాలు కాండంలో ఉన్నాయి. తిప్పతీగ కాండం రసభరితం. పైన పలుచని కాగితం వంటి పొర లేస్తుంది, దాన్ని గోటితో తీస్తే కింద పచ్చదనం బయటపడుతుంది. ముదురు కాండం మీద చిన్న శ్వాసరంధ్రాలు కనిపిస్తాయి, అయితే పెద్ద బొడిపెలుండవు. క్రిస్పా కాండం బూడిదరంగులో, ఎత్తైన బొడిపెలతో గరుకుగా ఉంటుంది. ఆయుష్ శాఖ ఇచ్చిన వివరణ ప్రకారం క్రిస్పా కాండం నుంచి పాలవంటి స్రావం వస్తుంది, తిప్పతీగ నుంచి రాదు. కొమ్మల నుంచి దారాల్లా వేలాడే ఊడలు తిప్పతీగ పోలికను బలపరుస్తాయి. కాండాన్ని అడ్డంగా కోస్తే దారుకణజాలం చక్రపు చువ్వల్లా అమరి ఉంటుంది. ఈ అమరిక దగ్గరి జాతుల్లోనూ ఉంటుంది కనుక దాన్ని తుది రుజువుగా తీసుకోకూడదు.

పూవు, కాయ

సందేహాన్ని తీర్చేవి పూరేకులే. తిప్పతీగ పూలు చిన్నవి, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగువి. పూరేకులు 6. క్రిస్పాలో 3. ఇవి అతి చిన్నవి కనుక భూతద్దం తప్పనిసరి. తిప్పతీగ పండ్లు గోళాకారంలో ఉండి ఎర్రగా పండుతాయి. క్రిస్పా పండ్లు కోలగా, నారింజ రంగులో ఉంటాయి.

ఇక్కడ క్షేత్ర పరిశీలకులు రెండు విషయాలు మరువకూడదు. మొదటిది, ఇందులో మగ, ఆడ పూలు వేర్వేరు తీగలకు పూస్తాయి. మగ తీగ ఎన్నటికీ కాయదు. కాబట్టి కాయలు లేకపోవడం దేనికీ రుజువు కాదు. రెండోది, పూత తరచు ఆకులు రాలిన రోజుల్లో వస్తుంది. ఒక్కసారి వెళ్లి సేకరించిన నమూనాలో ఆకు, పూవు, కాయ మూడూ దొరకడం అరుదు. అదే తీగను గుర్తు పెట్టుకుని వేర్వేరు రుతువుల్లో చూడాలి.

చర్చ

బజారులో దొరికే ఎండు ముక్కల్లో, చూర్ణంలో పూవూ ఉండదు, కాయా ఉండదు. అక్కడ బాహ్య లక్షణాల పరిధి ముగుస్తుంది. సూక్ష్మదర్శిని పరీక్ష, రసాయన విశ్లేషణ, డీఎన్‌ఏ బార్‌కోడింగ్ అవసరమవుతాయి. మరో హెచ్చరిక కూడా ఉంది. మొక్కను సరిగ్గా గుర్తించినంత మాత్రాన అది అందరికీ నిరపాయమని తేలదు. 2022లో 13 వైద్య కేంద్రాల నుంచి 43 మంది రోగుల వివరాలతో వెలువడిన అధ్యయనం కాలేయ సమస్యను మరింత విస్తృతంగా నమోదు చేసింది. గుణం గురించి గానీ దోషం గురించి గానీ వాదించాలంటే, ముందు మొక్క ఏదో తేలాలి.

ముగింపు

నునుపైన హృదయాకారపు ఆకు, బొడిపెలూ పాలూ లేని పచ్చని కాండం, 6 పూరేకులు, ఆడ తీగకైతే గుండ్రని ఎర్రటి పండ్లు: ఈ లక్షణాలు కలిసినప్పుడే తిప్పతీగ అని నిర్ధారించాలి. ఈ మూలికపై పరిశోధన చేసేవారు తాము వాడిన మొక్క నమూనాను హెర్బేరియంలో భద్రపరచి, దాని సంఖ్యను వ్యాసంలో పేర్కొనాలి. కాలేయ జబ్బులున్నవారు వైద్యుణ్ని అడగకుండా ఈ కషాయం తాగకూడదు. ఆకు పోలిక ఒక్కటే ఆధారంగా కంచె మీది తీగను కోసి ఎవరూ వాడవద్దు.