వేసవిలో పెరటి, మిద్దె తోటల సంరక్షణ

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల్లో పెరడున్న పాత ఇళ్లు కొన్నే మిగిలాయి. మిగతావారికి మిద్దే పెరడు. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారాయణగూడలోని తన ఇంటిపై మడులు కట్టి కూరగాయలు పండించి, ‘మిద్దెతోట’ పుస్తకం ద్వారా ఈ పద్ధతిని ఎందరికో పరిచయం చేశారు.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. బోర్లలో నీరు తగ్గుతుంది. కాబట్టి ఈ రెండు నెలలు అధిక దిగుబడి ఆశించకుండా, ఉన్న మొక్కలను, మట్టిని తక్కువ నీటితో కాపాడుకోవడం మేలు. ఊళ్లో ఇంటి చుట్టూ కూరగాయలు వేసుకునే సన్నకారు రైతులకూ ఈ జాగ్రత్తలు ఉపయోగపడతాయి.

నీటి యాజమాన్యం
• ఉదయం 8 గంటలలోపు, అవసరమైతే సాయంత్రం 6 తర్వాత నీరు పెట్టాలి. మిట్టమధ్యాహ్నం పెట్టరాదు.
• వేలితో అంగుళం లోతు మట్టి చూసి, పొడిగా ఉంటేనే పోయాలి.
• బియ్యం, కూరగాయలు కడిగిన నీటిని వాడుకోవచ్చు. ఆర్.ఓ. యంత్రం వదిలే నీటిలో లవణాలు ఎక్కువ. రోజూ దాన్నే పోస్తే ఆకుల అంచులు మాడతాయి.
• కుండీల కింది పళ్లాల్లో నీరు నిలవ ఉంటే దోమలు పెరుగుతాయి. వారానికి ఒకసారైనా తప్పక పారబోయాలి.

నీడ, మల్చింగ్
• 50 శాతం షేడ్‌నెట్ కట్టాలి.
• మొదళ్ల చుట్టూ ఎండుటాకులు లేదా కొబ్బరి పీచు 2 అంగుళాల మందాన పరచాలి. కాండానికి తగలకుండా చూడాలి.
• కుండీలను ఇటుకలపై పెడితే శ్లాబు వేడి వేర్లకు తగలదు.

పంటలు, చీడపీడలు
• తోటకూర, గోంగూర, బచ్చలి ఎండను బాగా తట్టుకుంటాయి. కొత్తిమీర, పాలకూర నీడలోనే వేయాలి.
• టమాటలో ఎండ తీవ్రతకు పూత రాలుతుంది. ఇది తెగులు కాదు, మందులు కొట్టనవసరం లేదు.
• పిండినల్లి, పేనుబంక కనిపిస్తే ముందు నీటిని గట్టిగా చిమ్మి కడగాలి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పిచికారి చేయాలి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి.

మిద్దెపై బరువు
అడుగు మందం తడిమట్టి చదరపు మీటరుకు సుమారు 500 కిలోల బరువు ఉంటుంది. పాత ఇళ్లపై మడులు కట్టే ముందు ఇంజినీరుకు చూపించాలి. బరువైన తొట్లను దూలాలు, గోడల మీదుగానే అమర్చాలి.

పెరటి చెట్లు
• మామిడి, జామ, కరివేపాకు చెట్లకు మొదట్లో కాక, కొమ్మలు విస్తరించిన మేర పాది తీసి నీరు పెట్టాలి. పాదుల్లో సిమెంటు వేయరాదు.
• ఈదురుగాలులకు ముందే ఎండుకొమ్మలు, ఎండిన కొబ్బరి మట్టలు తీయించాలి. కరెంటు తీగల దగ్గర కొమ్మలుంటే విద్యుత్ సిబ్బందికి చెప్పాలి.
• చెట్టును పూర్తిగా కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి.

తొలకరికి ముందు
మే నెలాఖరులోగా మిద్దెపై నీరు దిగే గొట్టాల్లోని ఆకులు, ఇంకుడు గుంతలోని పూడిక తీయాలి. 100 చదరపు మీటర్ల మిద్దెపై 50 మి.మీ. వాన కురిస్తే దాదాపు 5,000 లీటర్ల నీరు వస్తుంది. ఖాళీ కుండీల మట్టిని ఎండబెట్టి, మూడో వంతు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు కలిపి ఉంచుకుంటే, జూన్‌లో వానలు పడగానే బెండ, బీర, సొర విత్తుకోవచ్చు.