జీతం తగ్గించుకోవడమా, గంటలు పంచుకోవడమా? – గడ్డుకాలంలో విమాన పైలట్ల చర్చ

కోలారు, చిత్తూరు, అనంతపురం ప్రాంతాలలో చెరువు కింద సేద్యం చేసిన కుటుంబాలకు నీరుగంటి పని తెలిసినదే. చెరువు నిండిన ఏడు ఆయకట్టు మొత్తం తడుస్తుంది. నీరు తగ్గిన ఏడు రెండు దారులే మిగులుతాయి. చివరి మడులను ఎండనిచ్చి పై మడులకు నిండుగా పారించడం ఒకటి. అందరూ తలా కొంత తగ్గించుకొని నాటుకోవడం రెండవది. ప్రయాణికులు తగ్గి విమానాలు నేలపై నిలిచిపోయినప్పుడు వైమానిక సంస్థల పైలట్ల ముందుకు వచ్చేది కూడా ఇటువంటి ప్రశ్నే. చివర చేరినవారిని ఇంటికి పంపనివ్వాలా, లేక అందరూ కొంత కోల్పోయి అందరి కొలువులూ నిలుపుకోవాలా? 2001 తరువాత ఒకసారి, 2020లో మరొకసారి ఈ చర్చ అమెరికాలో తీవ్రంగా సాగింది.

ఫర్లో అంటే ఏమిటి?

అమెరికా వైమానిక సంస్థలలో 'ఫర్లో' అంటే జీతం లేకుండా తాత్కాలికంగా ఇంటికి పంపడం. ఉద్యోగి పేరు జాబితాలో ఉంటుంది. పని పెరిగినప్పుడు తిరిగి పిలుపు అందుకునే హక్కు కూడా ఉంటుంది. అయితే ఆ పిలుపు కొన్ని నెలలకు రావచ్చు, కొన్నేళ్లకు రావచ్చు.

ఎవరిని పంపాలన్నది ప్రతిభను బట్టి కాక సీనియారిటీని బట్టి నిర్ణయమవుతుంది. చివర చేరినవారు ముందుగా వెళ్తారు. తిరిగి పిలిచేటప్పుడు వారి వంతు చివరన వస్తుంది. ఈ సీనియారిటీ ఒక సంస్థ నుండి మరొక సంస్థకు వెంట రాదు. ఇరవై ఏళ్ల అనుభవమున్న కెప్టెన్ అయినా వేరొక పెద్ద సంస్థలో చేరితే సాధారణంగా అట్టడుగు నుండి మొదలుపెట్టవలసినదే. తమ సంస్థ కష్టాలు పడుతున్నా పైలట్లు దానిని విడిచి వెళ్లలేకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

ఫర్లో సంస్థకు కూడా ఖర్చుతో కూడినదే. కింది వరుసలో ఖాళీలు ఏర్పడితే పెద్ద విమానం నడిపేవారు చిన్న విమానానికి, కెప్టెన్లు కొందరు కో-పైలట్ స్థానానికి దిగవలసి వస్తుంది. విమానం రకం మారిన ప్రతిసారీ సిమ్యులేటర్‌పై కొత్తగా శిక్షణ పొందాలి. పని పెరిగినప్పుడు ఈ శిక్షణ అంతా తిరిగి వెనుకకు జరగాలి.

గంటల లెక్క

అక్కడి పైలట్ల జీతం ఎగిరిన గంటలపై ఆధారపడి ఉంటుంది. గంటకు ఒక రేటు ఉంటుంది. విమానాలు తగ్గినా నెలకు ఇన్ని గంటల జీతం తప్పక ఇస్తామన్న కనీస హామీ ఒప్పందంలో ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. నూరుగురు పైలట్లు నెలకు 75 గంటల చొప్పున పనిచేస్తే మొత్తం 7,500 గంటలు. పని పదోవంతు తగ్గితే మిగిలేది 6,750 గంటలు. తొంభై మందికి 75 గంటలు ఇచ్చి పదిమందిని పంపవచ్చు. లేదా నూరుగురికీ 67.5 గంటలు పంచవచ్చు. సంస్థ చెల్లించే జీతం రెండు విధాలా ఒకటే. భారం పదిమంది ఇళ్ల మీద పడుతుందా, నూరిళ్ల మీద పడుతుందా అన్నదే తేడా.

చర్చలో అసలు మెలిక మరొకటి ఉన్నది. గంటలు తగ్గించడం, గంట రేటు తగ్గించడం ఒకటి కావు. గంటలు తగ్గినప్పుడు జీతంతో పాటు పని కూడా తగ్గుతుంది. ప్రయాణికులు తిరిగి వస్తే గంటలూ తిరిగి వస్తాయి. రేటు తగ్గితే అదే పనికి తక్కువ కూలి లభిస్తుంది. పోయిన రేటును మరల సాధించుకోవడానికి కొత్త ఒప్పందం కావాలి, దానికి ఏళ్లు పట్టవచ్చు.

గంటల పంపకానికి కూడా హద్దు ఉన్నది. ప్రయాణికులతో విమానం నడపాలంటే గడచిన 90 రోజులలో కనీసం మూడుసార్లు విమానాన్ని పైకి లేపి, మూడుసార్లు దించి ఉండాలి. పని మరీ పలుచగా పంచితే అందరి అలవాటూ తప్పుతుంది.

2001 నేర్పిన పాఠం

2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అమెరికాలో విమాన ప్రయాణాలు పడిపోయాయి. వేలమంది పైలట్లు ఫర్లోకు గురయ్యారు. యునైటెడ్ సంస్థ 2002 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. డెల్టా పైలట్లు తమ సంస్థను దివాలా నుండి తప్పించడానికి 2004 నవంబరులో 32.5 శాతం జీతం కోతకు ఒప్పుకున్నారు. అయినప్పటికీ 2005 సెప్టెంబరులో డెల్టా దివాలా కోర్టుకు వెళ్లింది. ఆ తరువాత మరొక కోత పడింది. త్యాగం చేసినా ఫలితం దక్కదన్న అనుమానం ఆ తరం పైలట్లలో నాటుకున్నది. 2020 నాటి చర్చలో పెద్దవారు ముందుగా గుర్తుచేసుకున్నది దీనినే.

2020లో ఏం జరిగింది?

కరోనా వ్యాపించినప్పుడు అమెరికా ప్రభుత్వం ప్రయాణికుల విమాన సంస్థల జీతాలకు 2,500 కోట్ల డాలర్ల సహాయం కేటాయించింది. 2020 సెప్టెంబరు 30 వరకు ఎవరినీ తొలగించరాదన్నది షరతు. గడువు దగ్గరపడే కొలదీ చర్చ వేడెక్కింది.

యునైటెడ్ పైలట్లు గంటలు తగ్గించుకునే ఒప్పందాన్ని సెప్టెంబరు చివరలో ఓటు ద్వారా ఆమోదించారు. దానివల్ల సుమారు 2,850 మందికి ఫర్లో తప్పింది. డెల్టా యాజమాన్యం మొదట కనీస హామీలో 15 శాతం కోత అడిగింది, సంఘం అంగీకరించలేదు. నవంబరులో గరిష్ఠంగా 5 శాతం తగ్గింపుతో రాజీ కుదిరి 1,700 మందికి పైగా కొలువులు నిలిచాయి. అమెరికన్ సంస్థలో మాత్రం అక్టోబరు 1న సుమారు 19,000 మందికి ఫర్లో అమలైంది. వారిలో 1,600 మంది పైలట్లు. డిసెంబరులో రెండవ సహాయం వచ్చిన తరువాత వారిని తిరిగి పిలిచారు. సౌత్‌వెస్ట్ సంస్థ 10 శాతం జీతం కోత కోరింది. ఒప్పందం కుదరక నోటీసులు వెళ్లినా, అదే సహాయం వల్ల అవి రద్దయ్యాయి.

బ్రిటన్‌లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ పైలట్లు 20 శాతం కోతతో మొదలై క్రమంగా తగ్గే ఒప్పందానికి 2020లో ఓటు వేశారు. అయినా సుమారు 270 మందిని తొలగించక తప్పలేదు.

మన దేశంలో

మన దేశంలో 2020లో ఇటువంటి ఓటు కన్న యాజమాన్య ప్రకటనలే ఎక్కువగా వినిపించాయి. ఇండిగో జీతం కోతలు, జీతం లేని సెలవులు ప్రకటించి, జూలైలో పదిశాతం సిబ్బందిని తగ్గిస్తామన్నది. అంతకు ముందు 2018లో జెట్ ఎయిర్‌వేస్ యాజమాన్యం జీతం కోత ప్రతిపాదించగా పైలట్లు నిరాకరించారు. తరువాత జీతాలు నెలల తరబడి బకాయి పడ్డాయి. 2019 ఏప్రిల్ 17న సంస్థ విమానాలు ఆగిపోయాయి. అప్పటికి ఆ సంస్థ అప్పులు కొండంత పెరిగి ఉన్నాయి. పైలట్లు కోతకు ఒప్పుకొని ఉంటే సంస్థ నిలిచేదని చెప్పడానికి లేదు.

తరువాతి ఫలితం

2022లో ప్రయాణికులు ఒక్కసారిగా తిరిగి వచ్చారు. ముందస్తు పదవీ విరమణతో వేలమంది పైలట్లు వెళ్లిపోయి ఉండడంతో కొరత ఏర్పడింది. 2023 మార్చిలో డెల్టా పైలట్లు నాలుగేళ్లలో మొత్తం 34 శాతం పెంపు గల ఒప్పందాన్ని ఆమోదించారు. 2020లో స్వల్పంగా గంటలు వదులుకొని సీనియారిటీ నిలుపుకున్న చిన్నవారు ఆ పెంపును అందుకున్నారు.

పై అనుభవాల నుండి తేలేది ఇది. కోతకు ఒప్పుకోవలసి వస్తే రేటు కన్న గంటలు వదులుకోవడం మేలు. ఎంతకాలమో తేదీ వ్రాసి ఉండాలి. ఆ కాలంలో ఎవరినీ తొలగించబోమన్న మాట కాగితంపై ఉండాలి. ఈ మూడూ ఉన్న చోట పెద్దవారు చిన్నవారి కోసం కొంత వదులుకున్నారు. లేని చోట సంశయించారు. 2004ను చూసినవారిని అందుకు తప్పుపట్టలేము.

పొలం తాకట్టు పెట్టి బిడ్డను పైలట్ శిక్షణకు పంపే కుటుంబాలు గమనించవలసినది కూడా ఇందులో ఉన్నది. కొలువు దొరికిన తొలి ఏళ్లలో ఆ బిడ్డ పేరు జాబితా చివరన ఉంటుంది. చెరువు తగ్గితే ముందుగా ఎండేది చివరి మడి. అప్పు వాయిదాలు ఒప్పుకునే ముందు, జీతం లేని ఒక ఏడాదిని ఇల్లు తట్టుకోగలదా అని లెక్క వేసుకోవడం అవసరం.