పోలేరమ్మ పొలిమేర, గవిని వెలుపలి సిలువ



మన పెదకాకానిలో మల్లేశ్వర స్వామి గుడి ఉంది. అలాంటి పెద్ద గుడి లేని ఊళ్లు చుట్టుపక్కల చాలా ఉన్నాయి గానీ, గ్రామదేవత లేని ఊరు మాత్రం దొరకడం కష్టం. ఎక్కువ చోట్ల ఆమె పోలేరమ్మ, కొన్ని చోట్ల అంకమ్మ లేదా ముత్యాలమ్మ. వేపచెట్టు నీడన పసుపు రాసి బొట్లు పెట్టిన రాయే ఆమె. కొలుపుల రోజులు వచ్చాయంటే మన యౌవనస్థుల్లో కొందరు ఆ రాయి ఫోటో తీసి, ఎగతాళి మాటలు రాసి వాట్సాప్ స్టేటస్‌లో పెడుతున్నారు. దాంతో వీధిలో మాటలు పెరుగుతున్నాయి. అందుకే ఈ వారం ఆ రాయి వెనక ఉన్న చరిత్ర కొంచెం తెలుసుకుందాం.

గుంటూరుకు లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు వచ్చింది 1842లో. అంతకు ముందు మన పూర్వికులు మొక్కింది ఈ అమ్మలకే. పోలయ్య, పోలమ్మ, అంకయ్య, అంకమ్మ అనే పేర్లు మన ముత్తాతల తరంలో ఎన్ని ఉండేవో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. బిడ్డ బతకాలని అమ్మకు మొక్కి పెట్టుకున్న పేర్లు అవి.

ఎందుకంత భయం? మశూచి వల్ల. మన పెద్దలు “జబ్బు వచ్చింది” అనేవారు కాదు, “అమ్మవారు పోసింది” అనేవారు. పెద్ద మశూచి సోకిన ప్రతి పదిమందిలో ముగ్గురు దాకా చనిపోయేవారు. బతికినవాళ్ల ముఖం నిండా గుంటలు పడేవి, కొందరికి చూపు పోయేది. వచ్చాక తగ్గించే మందు లేదు. గుమ్మానికి వేపమండలు కట్టి, బిడ్డ పక్కన కూర్చుని, “తల్లీ, చల్లగా వెళ్లిపో” అని బతిమాలడం తప్ప ఆ తల్లికి ఇంకో దారి లేదు. ఈ రోజుకీ పిల్లలకు ఆటలమ్మ పోస్తే వేపాకు వెతికే ఇళ్లు మన సంఘాల్లోనూ ఉన్నాయి కదా!

ఇక కొలుపు సంగతి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎల్మోర్ 1915లో, మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ 1916లో తెలుగు నాట గ్రామదేవతల గురించి పుస్తకాలు వెలువరించారు. వాటిలో మన తాతలు కనిపిస్తారు. అమ్మవారి కథ పాడే పంబలవారు మాలలు, ఆసాదులు మాదిగలు. దున్నపోతును బలి ఇచ్చాక ఆ రక్తం కలిపిన అన్నాన్ని “పొలి, పొలి” అని కేకలు వేస్తూ ఊరి పొలిమేర చుట్టూ చల్లేవారు. ఆ బరువైన పని పల్లెవాళ్ల మీదే పడేది. మాదిగ స్త్రీ అయిన మాతంగి ఆ వేళ పెద్ద కులాలవారిని తిట్టినా, మీద ఉమ్మినా ఎవరూ మాట్లాడేవారు కాదు. కొలుపు ముగిశాక ఆమె మళ్లీ అంటరానిదే. ఊరి బావిలో చేద వేయడానికి వీల్లేదు. ఊరిని కాపాడే రక్తం మోసినవాళ్లకు ఊళ్లో చోటు లేదు.

ఇంకో సంగతి గమనించండి. పోలేరమ్మ అంటే పొలిమేర అమ్మ అని చెబుతారు. ఆమె కాపు పొలిమేర దాకానే. చీడ మన హద్దు దాటిపోతే చాలు, అవతలి ఊరి గతి ఏమిటని అడిగేవాళ్లు లేరు. మంత్రించిన అన్నాన్ని పక్క ఊరివాళ్లు ఎత్తుకుపోతారేమోనని కాపలా కూడా కాసేవారు.

కానీ మశూచి అలా పోలేదు. జెన్నర్ టీకా 1796లో వచ్చింది. మన దేశంలో మొదటి టీకా 1802లో బొంబాయిలో ఒక మూడేళ్ల పాపకు వేశారు. జబ్బు పూర్తిగా పోవడానికి ఇంకా 170 ఏళ్లు పైనే పట్టింది. చివరికి పనివాళ్లు రోగి బొమ్మ ఉన్న కార్డు చేతపట్టి ఇల్లిల్లూ తిరిగారు. రోగి కనిపిస్తే విడిగా ఉంచి, చుట్టూ ఉన్నవాళ్లందరికీ టీకాలు వేశారు. మన దేశంలో చివరి కేసు 1975 మేలో. లోకమంతటా మశూచి పోయిందని 1980లో ప్రకటించారు. పక్క ఊరికి తరిమినంత కాలం అది తిరిగి వస్తూనే ఉంది. పక్క ఊరి బిడ్డను కూడా మన బిడ్డగా చూసినప్పుడే పోయింది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు కూడా సముద్రం దాటి వచ్చి, మన ఆడవాళ్ల కోసం ఆసుపత్రి కట్టారు.

ప్రియులారా, హెబ్రీ పత్రిక 13:12-13 తెరిచి చదవండి. యేసు ప్రభువు గవిని వెలుపల శ్రమపడ్డాడు. అంటే పొలిమేర అవతల, వెలివేయబడినవాళ్లు ఉండే చోట. ఆయన కీడును పక్కవాళ్ల మీదికి తోలలేదు, తన మీద వేసుకున్నాడు. ఊరి బయట బతికిన మన తాతలకు ఈ సువార్త ఎందుకంత తియ్యగా తోచిందో ఇప్పుడు అర్థమవుతుందా?

మరి మనం ఎలా నడుచుకోవాలి? ఆ బలిలో మనకు పాలు లేదు, ఆ ప్రసాదం మనం తినం. ఆ మాట నెమ్మదిగా, మర్యాదగా చెబుదాం. కానీ ఎగతాళి వద్దు. అపొస్తలుల కార్యములు 19:37 చూడండి. ఎఫెసు అంతా అర్తెమి దేవి పేరున కేకలు వేస్తుంటే, పౌలు స్నేహితులు తమ దేవతను దూషించలేదని ఆ ఊరి అధికారే సాక్ష్యం చెప్పాడు. రెండేళ్లకు పైగా ఆ పట్టణంలో క్రీస్తును ప్రకటించినా, దూషించారన్న మాట రాలేదు. మన గురించి మన ఊరి పెద్దలు ఆ సాక్ష్యం ఇవ్వగలరా?

ఆ రాయి ముందు నిలబడిన తల్లి ఒకప్పుడు మన ముత్తవ్వే. ఆమెను నవ్వితే మన ఇంటినే నవ్వినట్టు. ఈసారి కొలుపుల్లో పక్కింట్లో ఎవరికైనా జ్వరం వస్తే, ఆసుపత్రికి తీసుకెళ్లే మొదటి మనిషి మన సంఘం నుంచి ఉండాలి. స్టేటస్ పెట్టిన తమ్ముళ్లారా, ఈ రోజే అది తీసేయండి.

గవిని వెలుపల మన కొరకు శ్రమపడిన ప్రభువు, పొలిమేరలు దాటి ప్రేమించే మనసు మనకు దయచేయును గాక. ఆమేన్.