మన తండాల్లో కోడి: వెట్టి కాలం నుంచి బాయిలర్ దాకా

కోడికూరకు చరిత్ర ఏమిటని కొందరు నవ్వవచ్చు. కానీ నల్లగొండ, మహబూబ్‌నగర్ తండాల్లో కోడి ఎవరింట పెరిగింది, ఎవరి పళ్లెంలోకి పోయింది అని అడిగితే చాలా సంగతులు బయటికొస్తాయి.

నిజాం కాలంలో గడీలకూ, ఊరికొచ్చిన సర్కారు ఉద్యోగులకూ ఊరి జనమే కోళ్లు ఇచ్చుకోవాలి. పైసా రాదు. పుచ్చలపల్లి సుందరయ్య గారి తెలంగాణ పోరాట చరిత్రలో ఈ వెట్టి వివరాలు ఉన్నాయి. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ధర్మాపురం లంబాడీలు దొరతో తలపడింది భూమి కోసమే అయినా, ఆ కోపంలో ఇటువంటి కోళ్ల లెక్క కూడా కలిసే ఉంటుందని నా అభిప్రాయం. పట్వారీ వస్తున్నాడంటే చాలు, కోళ్లను గంపల కింద మూసి పైన జొన్నచొప్ప కప్పేవాళ్లమని మా దాది చెప్పేది. అవి కూతపెడితే దొరికిపోయినట్టే!

వెట్టి పోయినా మనవాళ్లు కోడిని రోజూ తినలేదు. ఆషాఢంలో సీత్లా భవానికి ఒకటి, అల్లుడు వస్తే ఒకటి, బాలింతకు ఒకటి. మిగిలినవి ఆడవాళ్ల డబ్బు. గొడ్లు, మేకల బేరం మగవాళ్లది. కోడి, గుడ్ల పైసలు మాత్రం ఇంటి ఆడమనిషి కొంగుముడిలోకే పోయేవి. నా పలకలు, నోటుబుక్కులు మా అమ్మ పెట్టలు కొన్నవే. పెట్ట లేనివాళ్లకు పాలుకు ఇచ్చేవారు, పిల్లలు ఎదిగాక చెరిసగం. ఎండాకాలంలో కొక్కెర తెగులు వస్తే తండా మొత్తం గంపలు ఖాళీ. అప్పుడు నష్టపోయేది కూడా ఆడవాళ్లే.

1971లో డాక్టర్ బి.వి. రావు వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టాక మెల్లగా లెక్క మారింది. షాద్‌నగర్ చుట్టుపక్కల షెడ్లు లేచాయి. ఆరు వారాల్లో రెండు కిలోలు తూగే బాయిలర్ కోడి వచ్చాక, పండుగ కూర ఆదివారం కూర అయింది. 2014 సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. చిత్రమేమిటంటే, మన తండా నాటుకోళ్లు ఎక్కువ ధరకు హైదరాబాద్ పోతున్నాయి, ఆ పైసలతో మనం బాయిలర్ కొనుక్కుంటున్నాం. పట్నం పోయి ఆటో నడుపుకునే మనవాళ్లకు కోడిని పెంచే జాగా ఎక్కడిది? కొన్నిచోట్ల కూర వాసన వస్తే గది ఖాళీ చేయమంటారు.

నా హాస్టల్లో తల్లులు అడిగే మాట ఒకటుంది: "మేడం, బాయిలర్ తింటే పిల్ల తొందరగా పెద్దమనిషి అయితదంట కదా, పెట్టకండి." కోడికి హార్మోన్ల సూది వేయరని, దాని పెరుగుదల జాతి ఎంపిక వల్లా, దాణా వల్లా వస్తుందని ఎన్నిసార్లు చెప్పానో! వాడకూడని మందుల భయం మాత్రం ఉట్టిది కాదు. మనుషులకు ఆఖరి మందుగా దాచుకోవలసిన కొలిస్టిన్‌ను కోళ్లకు వాడకుండా 2019లో కేంద్రం నిషేధించవలసి వచ్చింది. 2025లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఫోన్లే ఫోన్లు. బాగా ఉడికిస్తే ఆ వైరస్ బతకదని చెప్పినా, కొందరు పిల్లలు చారన్నంతోనే లేచారు. పప్పు, గుడ్డు తప్ప వేరే బలం దొరకని పిల్లలు వాళ్లు.

రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటికోసం వనరాజ, గ్రామప్రియ తెచ్చారు. గుడ్లు బాగా పెడతాయి. కానీ మన నాటుపెట్టలా పొదగవు. ప్రతిసారీ పిల్లలను కొనాల్సిందే. పొదగని కోడిని పాలుకు ఎట్లా ఇస్తాం?

మా అమ్మ దగ్గర ఇంకా మూడు పొదిగే పెట్టలున్నాయి. దసరా సెలవులకు ఇంటికి పోయే మా హాస్టల్ పిల్లల్లో ఎవరైనా అడిగితే, ఒకటి పాలుకు ఇస్తానంటోంది.