ఇంటి గర్భనిర్ధారణ పరీక్ష: చేయాల్సిన సమయం

మూత్రంలోని హెచ్‌సీజీ హార్మోన్‌ను పసిగట్టే పరీక్ష ఇది. ఈ హార్మోన్ ఫలదీకరణ జరిగిన వెంటనే కనిపించదు. అండం విడుదలైన 6 నుంచి 12 రోజుల మధ్య పిండం గర్భాశయపు గోడకు అంటుకున్నాకే ఊరడం మొదలై, తొలి వారాల్లో రెండు మూడు రోజులకోసారి దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి నెలసరి తప్పకముందే చేస్తే, గర్భం ఉన్నా లేదని రావచ్చు. తప్పాక వారం ఆగితే ఫలితాన్ని మరింత నమ్మవచ్చు. అంత ఓపిక అందరికీ ఉండదనుకోండి. పొద్దున లేవగానే వచ్చే మూత్రం చిక్కగా ఉంటుంది కనుక మేలు. నెలసరి సక్రమంగా రానివారు కలయిక తర్వాత 21 రోజులకు చూసుకోవాలి. సంతాన చికిత్సలో హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవారికి గర్భం లేకున్నా, ఉన్నట్టు సూచించే రెండో గీత పడవచ్చు. భారత్‌లో ఆశా కార్యకర్తల దగ్గర ‘నిశ్చయ్’ కిట్లు దొరుకుతాయి. ఒకే గీత వచ్చి, నెలసరీ రాకుంటే వారం తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి.