మోర్టన్ న్యూరోమా
పాదం ముందు భాగంలో, కాలివేళ్లకు వెళ్లే నరం చుట్టూ కణజాలం మందమై నొప్పి పుట్టించే స్థితి. దూరపు పరుగు చేసేవారికి రావచ్చు. పురుషుల కన్నా స్త్రీలలో ఎక్కువ. ఇది కణితి కాదు, క్యాన్సర్‌గా మారదు.

లూయిస్ డర్లాచర్ 1845లోనే ఈ నొప్పిని వర్ణించినా, 1876లో దీని గురించి రాసిన ఫిలడెల్ఫియా శస్త్రవైద్యుడు థామస్ జార్జ్ మోర్టన్ పేరే నిలిచింది.

ఎక్కువగా మూడో, నాలుగో వేళ్ల మధ్య వస్తుంది. పరుగులో మడమ లేచి వేళ్లు పైకి వంగినప్పుడు, ఎముకలను కలిపే అడ్డ స్నాయువు కింద నరం నలుగుతుంది. ముందు ఇరుకైన బూటు ఆ ఒత్తిడిని పెంచుతుంది. మంట, తిమ్మిరి, బూటులో గులకరాయి ఉన్నట్టు అనిపించడం దీని లక్షణాలు. బూటు విప్పి పాదం నలిపితే చాలామందికి హాయిగా ఉంటుంది. అలా కాక, నొప్పి ఎముక మీదే ఒకచోట ఉండి, నొక్కితే కలుక్కుమంటూ, పరిగెత్తేకొద్దీ ముదిరితే ఎముకలో సన్నని పగులును అనుమానించాలి. అప్పుడు పరుగు వెంటనే ఆపి వైద్యుణ్ణి కలవాలి. మధుమేహం ఉన్నవారు పాదాల తిమ్మిరిని పరుగు వల్లేనని కొట్టిపారేయకూడదు.

చికిత్సలో మొదటిది వేళ్లు విచ్చుకునేంత వెడల్పైన బూటు. మెత్తని మెటాటార్సల్ ప్యాడ్ కూడా మేలు చేస్తుంది, కానీ దాన్ని నొప్పి ఉన్నచోట కాక, కాస్త మడమ వైపుగా అమర్చాలి. నొప్పి మీదే పెడితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పరుగు తగ్గించిన రోజుల్లో ఈత మంచి ప్రత్యామ్నాయం. ఫలితం లేకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్, చివరగా శస్త్రచికిత్స. నరాన్ని తొలగిస్తే ఆ వేళ్ల మధ్య స్పర్శ పోతుంది.